ఒకటో మడి మన్ను

నలభయ్యో కాపు. కోత మొదలైన వారం

మడి లెక్కలన్నీ నేలముల్లు తనే రాసుకుంటుంది. మన్నులో గుచ్చితే చాలు, నత్రజని ఎంత, భాస్వరం ఎంత, పొటాష్ ఎంత, ఉప్పు ఎంత అని పిడి మీద చూపించి, తనలో దాచుకుంటుంది. దానికి పట్టని సంగతులు నేను ఇక్కడ రాసుకుంటున్నాను. ఇవి నేల సభకు పంపేవి కావు.

ఈ రోజు ఏ మడి ఎంత కాసిందో రాసే అన్నశాల పలక మీద మూడో మడి పేరు అన్నిటికన్నా పైన ఉంది.

అంగారకుడి నేల కింద మేముండే ఈ గుహలో, మా గవిలో, టమాటా మడులు నాలుగు. ఒకటోది నాది. మా అవ్వ వాళ్లు భూమి నుంచి సంచుల్లో తెచ్చిన మదనపల్లె ఎర్రమన్ను మొదట పోసింది ఇందులోనే. తర్వాత దీన్నుంచే కొంచెం కొంచెం తీసి, పైనుంచి తెచ్చి కడిగిన అంగారకుడి దుమ్ములో కలిపి మిగతా మూడు మడులూ చేశారు. అందుకే దీన్ని తల్లిమడి అంటారు. మా అవ్వ తర్వాత మా అమ్మ చూసింది, అమ్మ తర్వాత నేను. ఈ కాపు దాకా పలక మీద మొదటి పేరు ఒకటో మడిదే.

మూడో మడి గంగరత్నది. రెండో గవిలో నీళ్ల పైపు పగిలి మడులన్నీ గడ్డకట్టినప్పుడు, బతికినవాళ్లను మా గవి తీసుకుంది. అలా వచ్చిన మనిషి. ముప్పై దాటి ఉండవు. మొగుడు ఆ చలిలోనే పోయాడు. వచ్చేటప్పుడు కొంగున కట్టుకున్న మూటలో బంతి విత్తనాలు, జనుము విత్తనాలు తెచ్చింది. ఎవరూ అడగని మూడో మడి ఆమెకిచ్చారు. ఆమె ఒక కాపంతా సగం మడిలో జనుము చల్లి, పూతకు రాగానే కోసి మన్నులో తొక్కేసింది. తర్వాత టమాటా సాళ్ల మధ్య బంతి పెట్టింది. తినే మడిలో పూలేమిటని సభలో నేనే అడిగాను. అందరూ నా మాటకు తల ఊపారు. పూలు కోసుకోవడానికి మాత్రం అందరూ ఆమె మడికే వెళ్లారు.

అన్నం వరసలో నా వెనక నిలబడి, "అక్కా, నీ పేరు పక్కన నాది పడిందే" అంది.

"పక్కన కాదు, పైన" అన్నాను.

నవ్వింది. ఎగతాళిగా నవ్వి ఉంటే బాగుండేది. మామూలుగా, సంతోషంగా నవ్వింది. సంగటి తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాను.

అదే కాపు. రెండో కోత

నా మడిలో ఆకుల అంచులు మాడుతున్నాయి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పాలిపోయింది. కాయ పైకి ఎర్రగా నిగనిగలాడుతుంది, తిప్పి చూస్తే అడుగున నల్లటి మచ్చ. వాటిని ఏరి పారేస్తే తట్టలో సగమే మిగిలింది.

ఎరువు చాలడం లేదని నాకు గట్టిగా అనిపించింది. ఎరువింటిని చూసేది నా మొగుడు రెడ్డెప్ప. గవిలో మనుషులు వదిలింది, తిని పారేసింది, ఎండిన తీగలు అన్నీ అక్కడికే చేరతాయి. కుళ్లి మాగిన తర్వాత ఏ మడికి ఎంత పోవాలో కొలిచి పంపేది అతనే. మధ్యాహ్నం అక్కడికి వెళ్లేసరికి గంగరత్న అప్పుడే తట్ట ఎత్తుకుని వెళ్తోంది. రెడ్డెప్ప ఆమె వెళ్లిన వైపే చూస్తున్నాడు.

"ఆమె తట్ట బాగా నిండుగా ఉన్నట్టుందే" అన్నాను.

"నిండుగా యాడుండాది? సగం చాలన్నా అనింది. మిగిలింది నాకే ఇచ్చేసి పోయింది."

"సగంతోనే ఆ కాపు వస్తుందా? ఎవరిని నమ్మమంటావు?"

రెడ్డెప్ప పార పక్కన పెట్టాడు. "వెంగమ్మా, నువ్వు అడిగినప్పుడల్లా రెండు తట్టలు ఎక్కువే ఏసినా నీకు. రెండో మడి వాళ్లకు తెలిస్తే నన్ను సభలో నిలబెడతారు. ఇంకా ఏంటికి అడగతాండావు?"

"చాలలేదు కాబట్టి."

"ఆయమ్మి చెయ్యి అట్లాంటిది. ఏంజేద్దాం?"

ఆయమ్మి చెయ్యి. పెళ్లయిన ఇన్నేళ్లలో నా చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు ఈ మనిషి. రెండు తట్టల ఎరువు అడిగి తీసుకునే వచ్చాను. ఒక్క గుప్పెడు మిగల్చకుండా మడిలో పోశాను.

అదే కాపు. చివరి కోతకు ముందు

ఈ రోజు చేసిన పని రాస్తున్నాను.

అన్నం గంట కొట్టాక అందరూ అన్నశాలకు వెళ్లారు. నేను తలనొప్పని ఆగిపోయాను. నా మడిలో గుచ్చిన నేలముల్లు పీకి, అదే చేత్తో పట్టుకుని మూడో మడికి వెళ్లాను. మడికీ మడికీ మధ్య నీళ్లతొట్టి ఉంటుంది. కాళ్లూ పనిముట్లూ కడగనిదే ఇంకో మడిలో అడుగు పెట్టకూడదు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం. ఎవరైనా వస్తారేమోనన్న తొందరలో తొట్టిని దాటుకునే పోయాను.

వాకిలికి దగ్గరగా ఉన్న మూలలో, ఆమె నారు పోసుకునే చోట ముల్లు గుచ్చాను. అక్కడ బంతి లేదు. మెత్తటి మన్ను, పిండిలా ఉంది. రెడ్డెప్ప దొంగతనంగా ఎంత పోస్తున్నాడో, ముల్లు చెబుతుందనుకున్నాను.

పిడి మీద అంకెలు చూసి మళ్లీ గుచ్చాను. భాస్వరం నా మడిలో ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. పొటాష్ తక్కువే. నత్రజనీ తక్కువే. అన్నీ నా మడిలోనే ఎక్కువ. ఉప్పు కూడా.

ఆమె మొక్కలను చూశాను. నా భుజం దాకా ఉన్నాయి. ఒక్క ఆకు మాడలేదు. బంతిపూల మధ్య కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి.

ఎరువు దొంగతనం జరిగి ఉంటే నా మనసు కుదుటపడేది. అది లేదని తెలిసి ఇంకా మండింది. నా దగ్గర అన్నీ ఉన్నాయి, ఆమె దగ్గర లేవు, అయినా కాయలు అక్కడే కాశాయి. దీన్ని ఎవరికని చెప్పుకోను?

కాపు ముగింపు. తీగలు పీకిన రోజు

హుస్సేన్ తాత వచ్చాడు. గవిలో మన్ను గురించి చదువుకున్న పెద్దాయన ఆయనొక్కడే. నేల సభకు ఆయనే పెద్ద. మోకాళ్ల నొప్పితో మడి చుట్టూ ఉన్న గట్టు, గెనిమ మీద కూర్చుని, ఒక మొక్కను వేళ్లతో సహా పీకించాడు.

వేళ్ల నిండా ముడులు. చిన్న చిన్న బుడిపెలు, దారానికి పూసలు గుచ్చినట్టు.

"నులిపురుగు" అన్నాడు. "ఒకే పంట ఇన్ని కాపులు ఏస్తే ఇల్లు కట్టుకోకుండా ఏంజేస్తాది?"

"ఎరువు ఇంకాస్త పడితే మొక్క తట్టుకుంటుంది తాతా" అన్నాను.

ముల్లు చూడమని రెడ్డెప్పకు సైగ చేశాడు. రెడ్డెప్ప చదివాడు. తాత వేరును వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"వెంగమ్మా, దీనికి ఆకలి కాదు. అజీర్తి. భాస్వరం ఇంత పేరుకుంటే జింకు వేరుకు అందదు. ఉప్పు ఇంతుంటే నీళ్లే సరిగ్గా తాగలేదు. మన్ను నిండా తిండి ఉండాది, మొక్క తినలేకుండా ఉండాది."

సాయంత్రం సభలో తేల్చారు. ఒకటో మడిలో రెండు కాపులు టమాటా వెయ్యకూడదు. నీళ్లు పారించి ఉప్పు కడగాలి, ఆ తర్వాత నులిపురుగును అణిచే జనుము, బంతి వెయ్యాలి. నాలుగు మడులకూ నారు ఇక మూడో మడిలోనే పోస్తారు. మడి తిరిగి నా చేతికి వచ్చేదాకా నేను గంగరత్న చేతికింద ఉండాలి.

అందరి ముందూ గంగరత్న లేచి, "అక్క నా చేతికింద ఏంది తాతా. ఇద్దరం చేసుకుంటాం" అంది.

ఆ మంచితనం నాకు చెంపదెబ్బలా తగిలింది.

నలభై ఒకటో కాపు. పూత

పొద్దున దీపాలు వెలగగానే మూడో మడికి వెళ్తున్నాను. గవిలో తేనెటీగలు లేవు కాబట్టి పూగుత్తులను జుమ్మనే కడ్డీతో ఒక్కొక్కటిగా తాకించాలి. అప్పుడే పుప్పొడి రాలి పిందె పడుతుంది. ఆ పని నాకు మా అమ్మ నేర్పింది. గంగరత్న కంటే నేను వేగంగా చేస్తాను. ఆమె ఆ మాట అందరికీ చెబుతుంది. అలా చెప్పడం కూడా నాకు నచ్చడం లేదు.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. పని చేస్తూ కూనిరాగం తీస్తుంది. పేరు పెట్టి మొక్కలతో మాట్లాడుతుంది. రెడ్డెప్ప ఎరువు తట్ట దింపి వెంటనే పోకుండా గెనిమ మీద కూర్చుని ఆమెతో రెండో గవి కబుర్లు చెప్పించుకుంటాడు. ఆమె మొగుడు ఎలా ఉండేవాడో అడుగుతాడు. నేను వింటూ పని చేస్తాను.

"ఆయన కూడా నీ మాదిరే అన్నా. ఎరువు కంపు కొడతా వచ్చేవాడు" అందొకసారి. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. రెడ్డెప్ప తలొంచుకున్నాడు. అక్కడ నేను అసూయ పడటానికి ఏమీ లేదని నాకు తెలుసు. అయినా పడ్డాను.

తిరిగి వెళ్లేటప్పుడు నా మడి ముందు నుంచే పోవాలి. జనుము నా నడుము దాటింది. పసుపు పూలు వచ్చాయి. జనం పనిగట్టుకుని వచ్చి చూసి పోతున్నారు. నేను టమాటా పండించినప్పుడు వచ్చి నిలబడి చూసినవాళ్లు లేరు.

అదే కాపు. నారు మడి

నలభై రెండో కాపుకు నారు మూలలో మొలిచింది. ఈ రోజు పలచన చేస్తున్నాను. వేళ్ల మధ్య పట్టి లాగిన మొదటి మొక్క వేరుకు చిన్న ముడి. రెండో దానికి లేదు. మూడో దానికి రెండు.

తాత తప్ప ఈ ముడులను గవిలో నాకంటే ముందు గుర్తుపట్టేవాళ్లు లేరు. గంగరత్న మడికి ఈ పురుగు ఎప్పుడూ రాలేదు, ఇంత చిన్న ముడి ఆమె కంటికి ఆనదు.

తలెత్తి చూశాను. వాకిలి, వాకిలి పక్కనే మూల. నేను ముల్లు గుచ్చిన చోటు. కడగని ముల్లు.

ఆ మొక్కలను పిడికిట్లో నలిపి, రవిక అంచులో దోపుకున్నాను. గంగరత్న అవతలి సాలులో ఉంది.

"నారు ఎట్లుండాదక్కా?" అని అడిగింది.

"బాగానే ఉంది" అన్నాను.

భయపడి అలా అన్నానని రాయడం తేలిక. భయం ఉంది. దాని పక్కనే ఇంకొకటి ఉంది. నీ మడికీ వచ్చిందిలే, అన్న మాట లోపల ఎవరో మెల్లగా అన్నట్టు వినపడింది. ఆ గొంతు నాదే.

అదే కాపు. నారు ఎదిగే రోజులు

దీపాలు పూర్తిగా వెలిగే మధ్యాహ్నాల్లో నారు తల వాలుస్తోంది. సాయంత్రానికి లేస్తోంది. గంగరత్న నీళ్లు ఎక్కువ పెట్టి చూసింది. తక్కువ పెట్టి చూసింది. దీపం దూరం జరిపింది. కూనిరాగం ఆగిపోయింది.

ఈ రోజు నా పక్కన కూర్చుని, "అక్కా, నాకు అర్థం కాలేదు. నువ్వు చూడు. నలభై కాపులు చూసిన ఇంట్లో పుట్టినదానివి. నేనేం తప్పు చేస్తాండానో చెప్పు. కోప్పడినా సరే" అంది.

ఆమె చేతులు మన్నుతో నిండి, గోళ్లు విరిగి ఉన్నాయి. రెండేళ్లలో మొదటిసారి నన్ను అడగడానికి వచ్చింది. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో రాస్తే నాకే సిగ్గుగా ఉంది. ఆ తీపి ఇంకో రోజు ఉండనీ అనిపించింది.

"చిన్న నారు కదా. కుదురుకుంటుంది" అన్నాను.

"నువ్వు చెప్తే నాకు ధైర్యం" అని లేచి వెళ్లింది.

ఇంటికి వచ్చాక రెడ్డెప్ప ఏమిటలా ఉన్నావని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ పురుగు వేరులో చేరాక పైకి కనపడదు. మొక్క నీళ్లు తాగుతూనే ఉంటుంది, దాహం తీరదు. నా సంగతీ అలాగే ఉంది.

నలభై రెండో కాపు. నాట్లు మొదలైన రోజు

పొద్దున నాలుగో మడివాళ్లు నారు తట్టలు పట్టుకుపోవడానికి వచ్చారు. రెండో మడివాళ్లు వెనకే నిలబడ్డారు. టమాటా ముద్ద కింది గవికి పోతేనే వాళ్ల దగ్గరి నుంచి గాలిని వడగట్టే జల్లెళ్లు వస్తాయి. కుటుంబాలు ఉండే పైఅరల్లో జల్లెళ్లు అప్పటికే పాతబడ్డాయి. అందుకే ఈ కాపు ఆలస్యం కాకూడదని అందరూ తొందరపడుతున్నారు.

గంగరత్న మొదటి తట్ట నింపి, నాలుగో మడి నాగభూషణం చేతికి అందించబోయింది. మన్నుతో సహా, వేళ్లు దెబ్బతినకుండా, ఎంతో జాగ్రత్తగా. ఆ తట్ట గడప దాటితే నాలుగు మడులూ పోతాయి. గవిలో కొత్త మన్ను లేదు. ఉన్నదంతా ఇదే.

నేను అడ్డం వెళ్లి తట్ట అంచు పట్టుకున్నాను.

"ఇది బయటికి పోకూడదు" అన్నాను.

"ఏమైందక్కా?"

ఒక మొక్కను పీకి ఆమె అరచేతిలో పెట్టాను. వేరు మీద మన్ను రుద్ది తీశాను. ముడులు ఇప్పుడు జొన్నగింజలంత ఉన్నాయి.

ఆమె వాటిని చూసింది. నాగభూషణం తట్ట కిందికి దించి, రెండడుగులు వెనక్కి వేసి తొట్టిలో కాళ్లు పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే.

"ఇది నీ మడిలో పురుగు కదా" అంది గంగరత్న. "నా మడిలోకి ఎట్లొచ్చింది?"

"నేను తెచ్చినా." అంతమందిలో నా గొంతు నాకే వింతగా ఉంది. "నలభయ్యో కాపులో, మీరంతా అన్నానికి పోయినప్పుడు వచ్చినా. నీకు ఎరువు దొంగతనంగా పడతాందని ముల్లు గుచ్చి చూసినా. కడగలేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు ఇది?"

ఈ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే ఉన్నాను.

"నారు పలచన చేసిన రోజే."

ఆమె అరచేతిలో మొక్కను ఇంకోసారి చూసి, కింద పెట్టింది. తర్వాత నాగభూషణం వైపు తిరిగి, "అన్నా, హుస్సేన్ తాతను పిలుచుకొని రా. మిగతావాళ్లు యాడుండేవాళ్లు ఆడనే ఉండండి. ఎవరూ కదలొద్దు" అంది. నా వైపు మళ్లీ చూడలేదు.

నలభై రెండో కాపు. ఆలస్యంగా

నారంతా కాల్చేశారు. ఆ మూల చుట్టూ లోతుగా కాలువ తవ్వి, మన్నును పారదర్శకపు రేకు కింద కప్పి, పెద్ద దీపాలు దగ్గరికి దించి ఉడకబెడుతున్నారు. పురుగు ఎంత దూరం పాకిందో తెలియక ఆ పక్క సాళ్లు కూడా పీకేశారు. అందులో కాపుతో ఉన్న మొక్కలు కూడా పోయాయి. విత్తనం మళ్లీ తట్టల్లో, ఉడికించిన మన్నులో వేశారు.

కింది గవికి ఈ తూరి సగం ముద్దే వెళ్లింది. సగం జల్లెళ్లే వచ్చాయి. పైఅరలు మూసేశారు. అక్కడి కుటుంబాలు అన్నశాలలో చాపలు వేసుకుని పడుకుంటున్నాయి. పసిపిల్లల దగ్గు వినపడుతుంది. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడితే నా ముందూ వెనకా కాస్త జాగా వదులుతున్నారు. నన్ను తిట్టినవాళ్లు లేరు. తిడితే జవాబు చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండేది.

సభలో రెడ్డెప్ప కూడా లేచి, నాకు వాటా కంటే ఎక్కువ ఎరువు పోశానని చెప్పాడు. అతన్ని కొలత పని నుంచి తీసేసి, ఎరువు తిరగేసే పనిలో పెట్టారు.

"నువ్వెందుకు చెప్పావు? ఎవరూ అడగలేదు కదా" అన్నాను ఇంటికి వచ్చాక.

"నువ్వొక్కదానివే నిలబడి ఉంటే బాగలేదు" అన్నాడు. నేను అతని పళ్లెంలో సంగటి పెట్టాను. అతను తిన్నాడు.

నలభై మూడో కాపు. మడులు పంచిన రోజు

ఒకటో మడి సిద్ధమైంది. తాత ముల్లు గుచ్చించి చూశాడు. ఉప్పు దిగింది. భాస్వరం ఇంకా ఎక్కువే గానీ జింకు అందుతోంది. ఆ మన్నును కుండీలో పోసి నాటి చూసిన మొక్కను పీకితే వేళ్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి. మన్ను చేతిలోకి తీసుకుంటే నల్లబడి, మెత్తగా, వానపాములతో ఉంది. నేను ఎప్పుడూ అలా చూడలేదు.

దాన్ని గంగరత్నకు ఇచ్చారు.

మూడో మడి నాకిచ్చారు. అక్కడ ఇంకా పురుగు ఉంది. దాన్ని బాగు చేసి తీసుకురావడం నా పని. ఎన్ని కాపులైనా సరే.

తాత నన్ను అడిగాడు. "నీకు అభ్యంతరం ఉండాదా?"

ఉంది. మా అవ్వ మోసుకొచ్చిన మన్ను అది. మా అమ్మ చివరి రోజుల్లో కూడా గెనిమ మీద కూర్చుని చూసుకున్న మడి.

"లేదు తాతా" అన్నాను. ఇప్పటివరకు నేను ఆడిన అబద్ధాల్లో ఇదొక్కటే ఎవరికీ చెడు చెయ్యనిది.

గంగరత్న నాతో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడటం మానేసింది. అది న్యాయమే. రోజూ నేను ఆమె వదిలి వెళ్లిన మడిలో బంతి నాటుతుంటాను, ఆమె మా అమ్మ మడిలో టమాటా నాటుతుంది.

నలభై మూడో కాపు. మొదటి కోత

పలక మీద ఒకటో మడి పేరు అన్నిటికన్నా పైకి వచ్చింది. పక్కన ఆమె పేరు. గవి అంతా పలక ముందు నిలబడి చూసింది. కింది గవికి నిండు వాటా పోతుందట, పైఅరలు తెరుస్తారట. పిల్లల తల్లులు చాపలు చుట్టుకుంటున్నారు.

నేను మూడో మడికి వెళ్లిపోయాను. బంతి విరగబూసింది. పూలు కోసి పక్కన పడేస్తూ, మొక్కలను ముక్కలు చేసి మన్నులో కలుపుతున్నాను. ఈ కాపంతా నా పంట ఇదే.

తొట్టి దగ్గర నీళ్ల చప్పుడైంది. గంగరత్న కాళ్లు కడుక్కుని, చేతులు కూడా కడుక్కుని లోపలికి వచ్చింది. చేతిలో ఒక టమాటా. గెనిమ మీద కూర్చుని, నాకు చాచింది.

"తిను" అంది.

నేను తిప్పి అడుగు చూశాను. మచ్చ లేదు. కొరికాను. పులుపు, వెనకే తీపి. మా చిన్నప్పుడు అమ్మ మొదటి కోత కాయ పళ్లతో కొరికి సగం నాకు పెట్టినప్పుడు ఉన్న రుచి. నా చేతిలో చాలా ఏళ్లుగా ఆ రుచి రాలేదు. ఈ మనిషి చేతిలో వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సంతోషానివా, కుళ్లువా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. రెండూ ఉన్నాయి.

"బాగుంది" అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి వెళ్లబోయింది. ఒకటో మడి గురించి నాకు తెలిసినది ఒకటి ఉంది. ముల్లుకు తెలియదు, తాతకు తెలియదు. అమ్మ నాకు చెప్పింది. ఈ కాపంతా నేను దాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"పడమటి కొసన కింద బండ ఉండాది" అన్నాను. "నీళ్లు పైకి అగుపడవు గానీ వేళ్ల దగ్గర నిలుస్తాయి. రెండో కోతకు ఆడ మొక్కలు పసుపెక్కుతాయి. ఇప్పుడే ఆ రెండు సాళ్లు ఎత్తు చెయ్యి."

గంగరత్న ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. చాలా రోజుల తర్వాత సూటిగా చూసింది.

"ముందే చెప్పుండొచ్చు కదక్కా."

"చెప్పుండొచ్చు" అన్నాను.

ఆమె పార తెచ్చుకోవడానికి ఒకటో మడి వైపు నడిచింది. నేను మిగిలిన సగం కాయ తినేసి, బంతి మొక్కల మీదికి వంగాను.